ప్యాకేజీ లేకుండా హేవ్‌లాక్ చేరడం: ముందు పడవ, తరువాత విమానం

ఫిబ్రవరిలో మీ దంపతులు, పదేళ్ల పాప, 64 ఏళ్ల మీ అమ్మగారు కలిసి విజయవాడ నుంచి అండమాన్‌లోని హేవ్‌లాక్ దీవికి ఆరు రోజుల్లో వెళ్లి రావాలనుకుంటున్నట్టు రాశారు. ప్యాకేజీ తీసుకోకపోతే దీవికి పడవ టికెట్లే దొరకవని ఒక ట్రావెల్ ఏజెంటు చెప్పాడనీ, విశాఖ నుంచి ఓడలో వెళితే ఖర్చు కలిసివస్తుందేమోనని ఆలోచిస్తున్నామనీ, అన్నిటికన్నా ముందు ఏది బుక్ చేయాలో తెలియడం లేదనీ అన్నారు. ఏజెంటు మాట నిజం కాదు. అతడు కొనే టికెట్టునే మీరూ ఇంట్లో కూర్చుని కొనుక్కోవచ్చు. కాకపోతే అతని బెదిరింపుకు ఆధారం లేకపోలేదు. ఈ దారి మొత్తంలో ఇరుకైన చోటు పడవే. విమానాలు పలు నగరాల నుంచి ఉన్నాయి, దీవిలో గదులు కావలసినన్ని ఉన్నాయి. పోర్టు బ్లెయిర్‌కూ హేవ్‌లాక్‌కూ మధ్య ఉన్న సముద్రాన్ని దాటించే పడవలు మాత్రం రోజుకు ఇన్ని అని లెక్క పెట్టినట్టుగా ఉంటాయి, అవి కూడా గాలి బాగుంటేనే కదులుతాయి. అందువల్ల ప్రయాణాన్ని విమానం దగ్గర మొదలుపెట్టి పడవకు రాకండి. పడవను ముందు నిలబెట్టి, దానికి రెండు వైపులా మిగిలినవి పేర్చుకోండి.

నేను విశాఖలో పుట్టి పెరిగినవాణ్ణి. మా చిన్నాన్నగారి కుటుంబం పోర్టు బ్లెయిర్‌లో స్థిరపడినందువల్ల ఆ దీవులకు ఇప్పటికి తొమ్మిదిసార్లు వెళ్లాను. అందులో ఏడుసార్లు హేవ్‌లాక్ వరకూ వెళ్లాను. ఒక్కసారి కూడా ప్యాకేజీ తీసుకోలేదు గానీ, తప్పులు మాత్రం తగినన్ని చేశాను.

ముందుగా పేర్ల చిక్కు తీర్చుకుందాం, ఎందుకంటే టికెట్లు వెతికేటప్పుడు చాలామంది ఇక్కడే తడబడుతున్నారు. 2018 డిసెంబరు 30న హేవ్‌లాక్‌కు స్వరాజ్ ద్వీప్ అనీ, దాని పక్కనున్న నీల్ దీవికి షహీద్ ద్వీప్ అనీ పేర్లు మార్చారు. 2024 సెప్టెంబరులో పోర్టు బ్లెయిర్ పేరును శ్రీ విజయపురంగా మార్చారు. పడవల వెబ్‌సైట్లలో, హోటళ్ల ప్రకటనలలో, విమానాల జాబితాలలో పాత పేరూ కొత్త పేరూ కలగలిసి కనిపిస్తాయి. రెండూ ఒకే చోటని గుర్తుంచుకుంటే చాలు. విమానాశ్రయం కోడ్ మాత్రం ఐ ఎక్స్ జెడ్. ఊరి పేరుతో దొరకకపోతే దానితో వెతకండి. ఊళ్లో ఆటోవాళ్లు ఇప్పటికీ పోర్టు బ్లెయిర్, హేవ్‌లాక్ అనే అంటారు కాబట్టి నేనూ అవే పేర్లు వాడుతున్నాను.

లెక్కను తిరుగు ప్రయాణం నుంచి వెనక్కి వేయండి. ఇది విచిత్రంగా అనిపించవచ్చు గానీ, ఈ సమాధానంలో మీరు ఒక్కటే పాటించగలిగితే దీనినే పాటించమంటాను. తిరుగు విమానం ఎక్కే ముందు రాత్రి మీరు పోర్టు బ్లెయిర్‌లోనే నిద్రపోవాలి. హేవ్‌లాక్‌లో పొద్దున పడవెక్కి మధ్యాహ్నం విమానం అందుకునే పథకాలు కాగితం మీద చక్కగా కుదురుతాయి. ఏజెంట్ల ప్యాకేజీలలో కూడా అప్పుడప్పుడు కనిపిస్తాయి. సముద్రం అల్లకల్లోలంగా ఉంటే ఆ పొద్దుటి పడవ కదలదు. నౌకాశ్రయం నుంచి హెచ్చరిక వచ్చిందంటే ప్రభుత్వ పడవా ప్రైవేటు పడవా అన్న తేడా లేకుండా అన్నీ ఆగిపోతాయి. 2016 డిసెంబరు మొదటి వారంలో ఒక వాయుగుండం, అంటే తరువాత వర్దా తుపానుగా మారి చెన్నై మీద విరుచుకుపడినదే, అండమాన్ సముద్రంలో తిరుగుతుండగా వెయ్యిమందికి పైగా యాత్రికులు హేవ్‌లాక్, నీల్ దీవులలో చిక్కుకుపోయారు. చివరకు నౌకాదళం, తీర రక్షక దళం ఓడలు పంపి వారిని తీసుకురావలసి వచ్చింది. ఫిబ్రవరిలో అంతటి పరిస్థితి అరుదు. అయినా ఒక పూట పడవ రద్దు కావడానికి తుపానే రానక్కరలేదు, గట్టిగా గాలి వీస్తే చాలు.

మీలో ఎవరికైనా స్కూబా డైవింగ్ చేయాలని ఉంటే ఆ చివరి రాత్రి పోర్టు బ్లెయిర్‌లో ఉండడానికి మరో కారణం కూడా ఉంది. నీటి అడుగున పీడనంలో శరీరంలో కరిగిన నైట్రోజన్ మెల్లగా బయటికి పోవాలి. అది పోకముందే విమానం ఎక్కి పైకి వెళితే కీళ్లనొప్పుల నుంచి పక్షవాతం వరకూ ఏదైనా రావచ్చు. ఒక్క డైవ్ చేసినవారు కనీసం 12 గంటలు, ఒకటికి మించి చేసినవారు కనీసం 18 గంటలు ఆగి విమానం ఎక్కాలని డైవింగ్ వైద్యులు చెబుతారు. దీవిలో చివరి రోజు డైవింగ్ పెట్టుకోకుండా, పోర్టు బ్లెయిర్‌లో ఒక రాత్రి ఉంటే ఈ గడువు దానంతటదే గడిచిపోతుంది.

ఇక వెళ్లే వైపు సంగతి. విజయవాడ నుంచి మీరు రాత్రి రైలులో చెన్నై వెళ్లి అక్కడి నుంచి విమానం ఎక్కవచ్చు, లేదా హైదరాబాద్ నుంచి ఎక్కవచ్చు. చెన్నై నుంచి సుమారు రెండుంబావు గంటలు, హైదరాబాద్ నుంచి దాదాపు రెండున్నర గంటలు పడుతుంది. హైదరాబాద్ సర్వీసుల వేళలు ఋతువును బట్టి మారుతుంటాయి. చెన్నై నుంచి ఎప్పుడూ ఎక్కువ విమానాలు ఉంటాయి, ఒకటి రద్దయినా మరొకదానిలో సర్దుబాటు చేయించుకోవడం తేలిక. పోర్టు బ్లెయిర్ రన్‌వేను నౌకాదళం కూడా వాడుతుంది, విమానాలు ఎక్కువగా పగటిపూటే దిగుతాయి. కాబట్టి తెల్లవారుజామున బయలుదేరడానికి మనసును సిద్ధం చేసుకోండి.

పొద్దున విమానం దిగి అదే రోజు మధ్యాహ్నం పడవెక్కవచ్చా అంటే ఎక్కవచ్చు. ఒంటరిగా వెళ్లినప్పుడు నేను అలాగే చేస్తాను. విమానాశ్రయం ఊళ్లోనే ఉన్నట్టు లెక్క, జెట్టీకి, అంటే పడవల రేవుకు, ఆటోలో ఎంతోసేపు పట్టదు. అయితే విమానం దిగే సమయానికీ పడవ కదిలే సమయానికీ మధ్య కనీసం మూడు గంటలు ఉంచుకోవాలి, ఎందుకంటే పడవ కదలడానికి గంట ముందే జెట్టీలో గుర్తింపు కార్డు చూపి, సామాను తనిఖీ చేయించుకుని లోపలికి వెళ్లాలి. రెండోసారి వెళ్లినప్పుడు నేను గంటన్నర వ్యవధితో టికెట్లు కొన్నాను. విమానం ముప్పావుగంట ఆలస్యమైంది, బ్యాగు వచ్చేసరికి మరో పావుగంట పోయింది, జెట్టీ గేటు దగ్గరికి చేరేసరికి పడవ తాడు విప్పుతున్నారు. టికెట్టు డబ్బు పోయింది, హేవ్‌లాక్‌లో ఆ రాత్రి గది డబ్బు పోయింది. చిన్నాన్న ఇల్లు ఉంది కాబట్టి రోడ్డున పడలేదు. మీకు అమ్మగారు, పాప తోడున్నారు. మొదటి రాత్రి పోర్టు బ్లెయిర్‌లో పడుకుని రెండో రోజు పొద్దుటి పడవలో వెళ్లండి. పొద్దుట సముద్రం సాధారణంగా నెమ్మదిగా కూడా ఉంటుంది.

దీనితో మీ ఆరు రోజులు ఇలా కుదురుకుంటాయి: మొదటి రాత్రి పోర్టు బ్లెయిర్, రెండు, మూడు, నాలుగు రాత్రులు హేవ్‌లాక్, అయిదో రోజు పడవలో వెనక్కి వచ్చి ఆ రాత్రి మళ్లీ పోర్టు బ్లెయిర్, ఆరో రోజు విమానం. సెల్యులార్ జైలును మొదటి రోజు సాయంత్రమో అయిదో రోజు సాయంత్రమో చూడవచ్చు. చాలామంది ఇందులోకి నీల్ దీవిని కూడా దూరుస్తారు. దీవి అందమైనదే గానీ మరొక పడవ, మరొక సామాను మోత, మరొక గది వెతుకులాట అవసరమవుతాయి. ఎనిమిది రోజులుంటే వెళ్లండి, ఆరు రోజులకు వద్దని నా అభిప్రాయం.

పడవల విషయం కొంత వివరంగా చెప్పాలి. హేవ్‌లాక్ పోర్టు బ్లెయిర్‌కు ఈశాన్యంగా నలభై కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. రోడ్డు లేదు, వంతెన లేదు. హెలికాప్టర్ ఉంది గానీ అందులో రోగులకూ దీవులవాసులకూ ముందు చోటిస్తారు, యాత్రికులు దానిని లెక్కలోకి తీసుకోకూడదు. కాబట్టి మిగిలినవి రెండే: ప్రభుత్వ నౌకాయాన శాఖ నడిపే పడవలు, ప్రైవేటు సంస్థల వేగపు పడవలు.

ప్రభుత్వ పడవ దీవులవాసుల కోసం నడిచేది. అందులో కూరగాయల బుట్టలు, గ్యాస్ పొయ్యిలు, సెలవులకు ఇంటికి వెళుతున్న విద్యార్థులు, ఆసుపత్రి నుంచి తిరిగి వస్తున్న వృద్ధులు మీ పక్కనే ఉంటారు. టికెట్టు వందల రూపాయలలోనే దొరుకుతుంది, ప్రయాణం రెండు గంటల నుంచి రెండున్నర గంటల వరకూ పడుతుంది, డెక్ మీదికి వెళ్లి గాలిలో నిలబడవచ్చు. నాకు ఇదే ఇష్టం. కానీ స్థానికులకు ప్రాధాన్యం ఉంటుంది, అది న్యాయం కూడా. పైగా ఈ టికెట్లు ప్రయాణానికి కొద్ది రోజుల ముందు మాత్రమే అమ్మకానికి వస్తాయి. నెలల ముందు నుంచి గదులూ విమానాలూ ఖరారు చేసుకునే కుటుంబానికి ఇంత అనిశ్చితి సరిపడదు. మక్రుజ్, గ్రీన్ ఓషన్, నాటికా వంటి ప్రైవేటు పడవలకు టికెట్లు ముందుగానే వాటి వెబ్‌సైట్లలో దొరుకుతాయి. వెయ్యి రూపాయలు దాటి, తరగతిని బట్టి రెండు వేల పైకి కూడా పోతాయి. వేగపు పడవలైతే గంటన్నరలో చేరుస్తాయి. మీ నలుగురికీ వెళ్లేటప్పుడు, వచ్చేటప్పుడు కూడా ఇవే కొనండి. డిసెంబరు చివరి వారం, సంక్రాంతి సెలవులు, దుర్గాపూజ సెలవులు మినహాయిస్తే నెల ముందు సీట్లు ఉంటాయి. దుర్గాపూజ పేరు ఎందుకెత్తానంటే, ఆ దీవులకు వచ్చేవారిలో బెంగాల్ వాళ్లు చాలా ఎక్కువ. మన క్యాలెండరు చూసి సీజను లెక్క కట్టకూడదు.

ఆ వేగపు పడవలలో ఒక ఇబ్బంది ఉంది. చాలావాటిలో అద్దాలు బిగించిన ఏసీ హాలులో కూర్చోవాలి, బయటికి రానివ్వరు. అలలు ఉన్నరోజు కిటికీలో నీలిరంగు ఒకసారి పైకి, ఒకసారి కిందికి పోతుంటే కడుపులో తిప్పడం మొదలవుతుంది. ఒకరు వాంతి చేసుకుంటే వరుస మొత్తం కవర్లు అడుగుతుంది. అమ్మగారికీ పాపకూ ఎక్కడానికి అరగంట నుంచి గంట ముందే అవోమిన్ వంటి మాత్ర ఇవ్వవచ్చు, కాకపోతే మోతాదు మీ వైద్యుణ్ణి అడిగి తెలుసుకోండి. అమ్మగారు రక్తపోటుకో మరొకదానికో మందులు వాడుతుంటే ఆ మాట తప్పక చెప్పండి. వెనుకవైపు, మధ్యలో ఉండే సీట్లు కోరుకోండి, అక్కడ ఊపు తక్కువ. ఉత్త కడుపుతో ఎక్కకండి, కడుపునిండా పూరీలు తిని కూడా ఎక్కకండి. రెండు ఇడ్లీలు సరిపోతాయి.

జెట్టీ విషయంలో మరొక జాగ్రత్త అవసరం. ప్రభుత్వ పడవలు ఫీనిక్స్ బే జెట్టీ నుంచి బయలుదేరుతాయి, ప్రైవేటువి చాలావరకు హడ్డో వైపు నుంచి కదులుతాయి. ఆటో ఎక్కి ఊరకే జెట్టీ అనకుండా, టికెట్టు మీద అచ్చయిన పేరు చదివి చెప్పండి.

విశాఖ ఓడ గురించి అడిగారు కాబట్టి, నాకు దాని మీదున్న మమకారాన్ని కాసేపు పక్కన పెట్టి జవాబిస్తాను: ఆరు రోజుల ప్రయాణానికి అది పనికిరాదు. చెన్నై, కోల్‌కతాల నుంచి ఓడలు నెలకు కొన్నిసార్లు నడుస్తాయి, విశాఖ నుంచి సుమారు నెలకొకసారే. దూరం దాదాపు 1200 కిలోమీటర్లు. దానికి రెండున్నర నుంచి మూడు రోజులు పడుతుంది. రానూపోనూ లెక్కేస్తే మీ సెలవంతా నీటి మీదే అయిపోతుంది, అదీ తిరుగు ఓడ తేదీ కలిసొస్తేనే. తేదీలు కొద్ది వారాల ముందే తెలుస్తాయి, తెలిసిన తరువాత కూడా మారుతాయి. దీవులవాసులకు ఒక ధర, బయటివారికి ఎక్కువ ధర ఉంటుంది. క్యాబిన్ తీసుకుంటే ఖర్చు విమానం ధరకు దగ్గరగా వస్తుంది. బంక్ తరగతి మాత్రమే నిజంగా చవక, కానీ పెద్ద హాలులో వందలమందితో, అందరికీ కలిపిన మరుగుదొడ్లతో మీ అమ్మగారిని మూడు రోజులు ఉంచమని నేను చెప్పలేను.

అయినా ఒక్క మాట చెప్పకుండా ఉండలేను. నా మొదటి ప్రయాణం చదువుకునే రోజుల్లో ఆ బంక్ తరగతిలోనే సాగింది. డాల్ఫిన్స్ నోస్ కొండ మీది దీపస్తంభం మాయమయ్యేదాకా డెక్ మీద నిలబడి ఉన్నాను, ఆ తరువాత రెండు రోజులు కంటికి ఒక్క చుక్క నేల కనబడలేదు. నా పక్క బంకులో శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన ఒక మత్స్యకార కుటుంబం ఉండేది. వాళ్లు ముప్పయ్యేళ్లుగా పోర్టు బ్లెయిర్‌లో ఉంటున్నారు, చెల్లెలి పెళ్లి చేసి తిరిగి వెళుతున్నారు. వాళ్ల టిఫిన్ డబ్బాలోని ఎండుచేపల కూర, ఓడ క్యాంటీన్ పప్పు కలుపుకుని తిన్నాం. మీకు ఎప్పుడైనా పదిహేను రోజుల సెలవు దొరికి, వెంట పెద్దవాళ్లు లేకపోతే, వెళ్లేటప్పుడు ఓడలో వెళ్లి వచ్చేటప్పుడు విమానంలో రండి.

ఆ కుటుంబం అరుదైనదేమీ కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్‌లో తెలుగు మాతృభాషగా ఉన్నవారు సుమారు 13 శాతం. బెంగాలీ, హిందీ, తమిళం తరువాత స్థానం తెలుగుదే. పోర్టు బ్లెయిర్‌లో ఆటో ఎక్కి హిందీలో బేరమాడుతుంటే డ్రైవరు ఉత్తరాంధ్ర యాసలో జవాబివ్వడం నాకు చాలాసార్లు జరిగింది. మీ అమ్మగారికి అది ఎంత ధైర్యమో మీరే చూస్తారు. హేవ్‌లాక్‌లో మాత్రం ఊళ్లవారు ఎక్కువగా బెంగాలీలు; 1950లలో తూర్పు పాకిస్తాన్ నుంచి కాందిశీకులుగా వచ్చి, ప్రభుత్వం ఇచ్చిన భూముల్లో అడవి కొట్టి స్థిరపడిన కుటుంబాల సంతతి. గోవింద్ నగర్, శ్యామ్ నగర్, కృష్ణా నగర్, విజయ్ నగర్, రాధా నగర్ అని తమ గ్రామాలకు పేర్లు పెట్టుకున్నారు. అయితే వాడుకలో అందరూ నంబర్లే చెబుతారు. జెట్టీ ఒకటో నంబరు, బజారు మూడో నంబరు, హోటళ్లు ఎక్కువగా ఉండే విజయ్ నగర్ అయిదో నంబరు, ప్రసిద్ధమైన రాధానగర్ బీచి ఏడో నంబరు.

గది తీసుకునేటప్పుడు ఈ నంబర్లు ఉపయోగపడతాయి. ఫోటోలు చూసి ఏడో నంబరులో తీసుకుందామనిపిస్తుంది. ఆ బీచిని 2004లో టైమ్ పత్రిక ఆసియాలోకెల్లా మేలైనదని మెచ్చుకుంది, 2020లో దానికి శుభ్రమైన, సురక్షితమైన బీచిలకు ఇచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. కానీ అది జెట్టీకి సుమారు పన్నెండు కిలోమీటర్ల దూరాన ఉంది, చీకటి పడ్డాక అక్కడ తిండికీ మందులకూ వెతుక్కోవలసి వస్తుంది. పెద్దవారు, పిల్లలు ఉన్నప్పుడు మూడో నంబరుకూ అయిదో నంబరుకూ మధ్య గది తీసుకోవడం మంచిది. అక్కడ ఆటు సమయంలో నీరు చాలా దూరం వెనక్కి పోయి రాళ్లు బయటపడతాయి, ఈతకు పనికిరాదు. ఈతకూ సూర్యాస్తమయానికీ ఏడో నంబరుకు వెళ్లిరండి. జెట్టీ నుంచి అక్కడికి బస్సు ఉంది, ఆటోలు ఉన్నాయి, అద్దె స్కూటర్లు ఉన్నాయి. రాధానగర్‌లో రక్షక సిబ్బంది చూపిన హద్దు దాటి ఈదవద్దు: 2010లో ఆ బీచి పక్కనున్న నీల్స్ కోవ్ అనే చిన్న ఖాతంలో ఒక అమెరికన్ యువతిని ఉప్పునీటి మొసలి చంపింది. అక్కడి బోర్డులు అలంకారానికి పెట్టినవి కావు.

గడియారం విషయంలో కూడా మోసపోతారు. అండమాన్ మనకు చాలా తూర్పున ఉన్నా గడియారం మనదే కాబట్టి తెల్లవారడం త్వరగా, పొద్దుగూకడం త్వరగా జరుగుతాయి. ఫిబ్రవరిలో అయిదున్నరకే సూర్యుడు దిగిపోతాడు. మధ్యాహ్నం భోజనం చేసి, కాసేపు నడుం వాల్చి, అయిదు దాటాక తీరిగ్గా బయలుదేరితే రాధానగర్‌లో మీరు చూసేది చీకటినే. నెల మాత్రం చక్కగా ఎంచుకున్నారు. జనవరి నుంచి ఏప్రిల్ వరకూ సముద్రం శాంతంగా ఉంటుంది. మే మూడో వారం నాటికి నైరుతి ఋతుపవనాలు దేశంలో అన్నిటికన్నా ముందు అక్కడికే చేరుతాయి, అక్టోబరు నుంచి డిసెంబరు వరకూ వాయుగుండాల భయం ఉంటుంది.

భారతీయ పౌరులకు పోర్టు బ్లెయిర్, హేవ్‌లాక్, నీల్ దీవులకు ఎలాంటి అనుమతి పత్రం అక్కరలేదు. ఆధార్ వంటి ఫోటో గుర్తింపు కార్డు ప్రతి జెట్టీలో అడుగుతారు, పాపది కూడా పెట్టుకోండి. విదేశీ పౌరసత్వం తీసుకున్న మీ బంధువులెవరైనా తోడు వచ్చేటట్లయితే వారికి నిబంధనలు వేరు, అండమాన్ పాలనా యంత్రాంగం ప్రకటనలు చూసి బయలుదేరమనండి. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన కేబుల్ హేవ్‌లాక్ వరకూ వచ్చిన తరువాత ఫోను, ఇంటర్నెట్ చాలా మెరుగయ్యాయి, ఆన్‌లైన్ చెల్లింపులూ నడుస్తున్నాయి. అయినా కొంత నగదు దగ్గర ఉంచుకోండి. గాలివాన వచ్చినరోజు కరెంటూ సిగ్నలూ కలిసే పోతాయి.

చివరి రోజు పాప జేబులు ఒకసారి చూడండి. బీచిలో ఏరిన గవ్వలు, విరిగిన పగడపు ముక్కలు తెచ్చుకోవడం వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరమయ్యే అవకాశం ఉంది, పోర్టు బ్లెయిర్ విమానాశ్రయంలో వాటి కోసం సామాను ప్రత్యేకంగా చూస్తారు. మా అబ్బాయి చిన్నప్పుడు సాక్సులో దాచిన నాలుగు పగడపు ముక్కలు ఎక్స్-రేలో బయటపడి, పావుగంటసేపు అధికారికి సంజాయిషీ చెప్పుకుని, వాటిని అక్కడే వదిలి వచ్చాం. దుకాణంలో కొన్న గవ్వలైతే రసీదు పడేయకుండా విమానం ఎక్కేదాకా దగ్గరే ఉంచుకోండి.